హక్కును మిరాసియు: పెయిను గ్రంథముపై నొక విమర్శ

థామస్ పెయిను రచించిన ‘మానవుని హక్కులు’ అను గ్రంథము 1791, 1792 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడెను. అది రాజద్రోహకరమని ఇంగ్లండు ప్రభుత్వము వ్యాజ్యము తెచ్చి, గ్రంథకర్త ఫ్రాన్సులో నుండగనే 1792 డిసెంబరులో విచారణ జరిపి యతనిని దోషిగా నిర్ణయించెను. రాజులేని రాజ్యమును సమర్థించిన పుస్తకముగా మనవారు దీనిని స్మరింతురు. ఆ మాట చాలదని నా యభిప్రాయము. రాజు దానికొక యుదాహరణము మాత్రమే. పెయిను గురి వంశపారంపర్యాధికారము.

అతడెవ్వరికి బదులు చెప్పెనో చూచిన నీ సంగతి తేటపడును. ఫ్రెంచి విప్లవమును ఖండించుచు ఎడ్మండు బర్కు 1790లో వ్రాసిన గ్రంథమున, ఆంగ్లేయుల స్వాతంత్ర్యములు పూర్వులనుండి సంక్రమించిన యాస్తివంటివని వాదించెను. హేస్టింగ్సుపై నభియోగము నడిపినవాడని మన కళాశాలలలో కీర్తింపబడు బర్కు ఇతడే. ఆయన భావమునకు తెలుగుమాట వెదుకనక్కరలేదు, మన గ్రామపు దస్తావేజులలోనే కలదు: మిరాసి. చనిపోయినవారికి బ్రదికియున్నవారిపై నధికారము లేదనియు, ప్రతి తరమును తన పాలనను తానే నిర్ణయించుకొనవలెననియు పెయిను ప్రత్యుత్తరము. వంశక్రమమున శాసనకర్తలుండుట వంశక్రమమున గణితవేత్తలుండుట వంటిదని యతడెగతాళి చేసెను.

హక్కు, మిరాసి యను రెండు పదములును అరబ్బీమూలము కలవే. మొదటిదానికి సత్యము, న్యాయము అని మూలార్థము, రెండవది వారసత్వము. ఐనను మన గ్రామవ్యవహారమున నివి చిరకాలము జంటగా మెలగినవి. పాపఘ్నీతీరమునందలి వేంపల్లెయే చూడుడు. 1800లో నిజాము కంపెనీవారికి దత్తము చేసిన సీమలోని దీ గ్రామము. 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రో పాలెగాండ్ర నణచెను. కాని రెడ్డి, కరణము మొదలగువారి గ్రామోద్యోగములు తండ్రినుండి కొడుకునకు వచ్చుట నిలిచియే యుండెను. 1895 నాటి మద్రాసు శాసనము ఆ వాడుకకు చట్టపుముద్ర వేసెను.

ఆ ముద్రను చెరిపినది గుంటూరు మండలపు గ్రామమునసబు వ్యాజ్యము. 1960 డిసెంబరులో సుప్రీముకోర్టు, గ్రామోద్యోగమున వారసునకు ప్రాధాన్యమిచ్చుట రాజ్యాంగపు 16వ అధికరణమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. 15వ అధికరణమున లేని ‘వంశము’ అను కారణము ప్రభుత్వోద్యోగములను గూర్చిన 16వ దానిలో ప్రత్యేకముగా చేరియుండుట పండితులు గమనింపదగినది. ఆ యుద్యోగములే 1984లో రద్దయ్యెను.

న్యాయమూర్తులు పెయినును ముందుంచుకొని తీర్పు వ్రాసిరని నేననను. కాని జ్యోతిరావు ఫూలే యౌవనమున నీ గ్రంథమును చదివెననుట ప్రసిద్ధము. పుట్టుకచేత నధికారమేల రావలెనని యతడు పూనాలో నడిగిన ప్రశ్న, పెయిను లండనునకు వేసిన ప్రశ్నయే. రాజునుండి పురోహితునివైపు గురి మారినది, అంతియ.

గ్రంథమున దోషములు లేకపోలేదు. స్త్రీల హక్కులను గూర్చి పెయిను చెప్పినదేమియు లేదు. ఆ లోపము కనబడునట్లు మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్టు 1792లోనే వేరు గ్రంథము వ్రాయవలసివచ్చెను. రెండవ భాగపు తుది యధ్యాయము మాత్రము నాకు మిక్కిలి విలువైనదిగా తోచును. ఏబదియేండ్లు దాటిన పేదకు ఏటికి 6 పౌనులు, అరువది దాటిన 10 పౌనులు ఇయ్యవలెనని లెక్కలువేసి చూపి, అది ధర్మము చేయుట కాదు, వారికి చెల్లవలసినదే యని తేల్చెను.

ఇక మాటనుగూర్చి. రాజ్యాంగపీఠిక తెలుగుప్రతిలో మనము ‘గణతంత్ర’ యనుచున్నాము. లిచ్ఛవుల గణములలో రాజొక్కడే కాడు, నిజమే. కాని సభలో చోటు క్షత్రియకులమున పుట్టినవారిది. పెయిను దృష్టిలో రిపబ్లికనగా ప్రజలందరి కార్యము. పాలన యెవరి మేలుకొరకను ప్రశ్నయే దాని ప్రాణము. కావున పాఠశాలలలో నీ పదమునకర్థము చెప్పు పండితులు లిచ్ఛవులను వర్ణింపకమునుపు, గ్రామమునసబు వ్యాజ్యమును చెప్పుట మేలు.