బెల్టు బిగువు తెలిసిన చేతులు

స్కూటర్ బెల్టు నడిరోడ్డు మీద తెగితే మామూలు మనిషి దిగి తోసుకుంటూ పోతాడు. దబీర్‌పురా నుంచి మలక్‌పేట దాకా తోసినా చొక్కా తడవడం తప్ప పెద్ద నష్టం లేదు. పోలియో కాళ్ళతో, పక్క చక్రాల స్కూటర్ మీద బతుకు వెళ్ళదీసే మనిషికి అలా కుదరదు. ఆయన దిగలేడు, దిగినా తోయలేడు. ఫలక్‌నుమా ఎత్తు మీద వెనక ఆటోలు హారన్ మోగిస్తుంటే, దారినపోయేవాళ్ళెవరో ఆగి చెయ్యి వేసేదాకా సీటు మీదే కూర్చోవాలి. అందుకే ఆ బండికి బెల్టు వేసే పనిని హైదరాబాద్ పాతబస్తీలో ఏ మంచి ఉస్తాదూ పని నేర్చుకునే షాగిర్దుకు వదిలేసి చాయ్‌కి పోడు.

మూడు చక్రాల బండి అంటాం గానీ వీటిలో చాలావాటికి నేలను తాకే చక్రాలు నాలుగు. ముందొకటి, వెనక కంపెనీ ఇచ్చిన అసలు చక్రం, దానికి అటొకటి ఇటొకటి తర్వాత బిగించినవి. బండిని నడిపేది మాత్రం నడిమి చక్రమే. మలక్‌పేటలో వికలాంగుల సహకార సంస్థ ఆఫీసు ఉంది. ప్రభుత్వం ఇచ్చే ఇలాంటి బళ్ళు ఆ సంస్థ ద్వారానే వస్తాయి. సొంతంగా డబ్బు కూడబెట్టుకున్నవాళ్ళు యాక్టివానో జూపిటరో కొనుక్కుని, పక్క చక్రాల కిట్టు విడిగా వేయించుకుంటారు.

గేర్ల స్కూటర్ల కాలంలో బండిని ఇలా మార్చడం ఇంత తేలిగ్గా ఉండేది కాదు. చేతక్‌కు ఎడమ చేతిలో క్లచ్చూ గేరూ, వెనక బ్రేకు కుడికాలి కింద. కాలు పనిచేయని మనిషి కోసం ఆ బ్రేకును చేతికి తెచ్చే ఏర్పాటు మళ్ళీ వేరే చేయాలి. 1984లో మొదలైన కైనెటిక్ హోండా మన రోడ్ల మీదికి గేర్లు లేని స్కూటర్‌ను తెచ్చింది. ఆ తర్వాత యాక్టివా వచ్చి ఊరూరా పాకింది. బ్రేకులు రెండూ చేతికే, గేరు మార్చే పని లేదు. గేర్ల పనిని బెల్టు తన మీద వేసుకుంది. ఈ పద్ధతి స్కూటర్లతోనే పుట్టింది కాదు. నెదర్లాండ్స్‌లో డాఫ్ కంపెనీ 1958లోనే రబ్బరు బెల్టుతో, గేర్లు మార్చక్కర్లేని కారును చూపించింది.

బెల్టు పెట్టె బండికి ఎడమవైపున ఉంటుంది. ముందు ఇంజన్ ఇరుసు మీద ఒక పుల్లీ, వెనక క్లచ్చుతో కలిసి ఇంకో పుల్లీ. రెండింటికీ గాడి వెడల్పు స్థిరంగా ఉండదు. ముందు పుల్లీ లోపల చిన్న రోలర్లుంటాయి. ఇంజన్ జోరందుకునే కొద్దీ అవి బయటికి జరిగి పుల్లీ చెంపను నెడతాయి, గాడి ఇరుకవుతుంది, బెల్టు పైకెక్కుతుంది. బెల్టు పొడవు పెరిగేది కాదు కదా, కాబట్టి వెనక పుల్లీలో అది లోపలికి దిగాలి. దిగుతూ అక్కడున్న పెద్ద స్ప్రింగును నొక్కుతుంది. ఆ స్ప్రింగు బెల్టును సందు లేకుండా రెండు చెంపల మధ్య ఒడిసిపడుతుంది. మెకానిక్కులు దాన్ని కాంట్రా స్ప్రింగ్ అంటారు. ఈ బండికి బిగువు ఇచ్చేది ముఖ్యంగా అదే.

దానికి తోడు వెనక పుల్లీలో ఏటవాలు గాళ్ళుంటాయి. బరువు మీద పడి చక్రం మొరాయించినప్పుడు ఆ గాళ్ళ వాలు పుల్లీ చెంపలను ఇంకాస్త దగ్గరికి లాగుతుంది. బెల్టు వెనక పైకెక్కి, ముందు కిందికి దిగుతుంది. అంటే బండి తనంతట తానే చిన్న గేరులోకి పోతుంది, అదే క్షణాన బెల్టు మీద పట్టూ పెరుగుతుంది. ఎంత పట్టు అవసరమో అంతే, అవసరమైన చోటనే. ఇంత చక్కటి ఏర్పాటును మనిషి పానా పెట్టి మెరుగుపరచబోతే చాలాసార్లు చెడగొట్టడమే అవుతుంది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది.

పక్క చక్రాలు వేశాక ఈ లెక్క తారుమారవుతుంది. కిట్టు ఇనుము బరువు ఒకటి, దొర్లాల్సిన టైర్లు రెండు ఎక్కువ. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. పాతబస్తీ గల్లీల్లో స్పీడ్ బ్రేకర్లకూ మ్యాన్‌హోల్ మూతలకూ కరువు లేదు. పక్క చక్రాలు రెండూ గట్టు మీదెక్కి నడిమి చక్రం గుంతలో వేలాడితే అది గాల్లో గిర్రున తిరుగుతుంది. మరుక్షణం నేలను పట్టుకుంటుంది. ఆ కుదుపంతా బెల్టు మీదే పడుతుంది. రోజూ ఇది జరిగే బండిలో బెల్టు అంచులు ముందే అరిగి, నున్నబడి, జారడం మొదలుపెడతాయి. పికప్ రావట్లేదు, బండి కదిలేటప్పుడు వణుకుతోంది, రబ్బరు కాలిన వాసన వస్తోంది అని వచ్చేవాళ్ళలో చాలామంది రోగం ఇక్కడే ఉంటుంది.

కాబట్టి తెలిసిన మెకానిక్కు బెల్టు పెట్టె విప్పకముందే కింద కూర్చుని పక్క చక్రాల ఎత్తు చూస్తాడు. బండి మీద మనిషి కూర్చున్నప్పుడు అసలు బరువు నడిమి చక్రం మీద ఉండాలి. పక్కవి ఆసరాకే. పక్క చక్రాల షాకబ్జార్బర్ల స్ప్రింగు మరీ బిరుసైతే బరువంతా అవే మోస్తాయి, నడిపే చక్రం తేలిపోతుంది. ఎత్తు సరిచేయకుండా బెల్టు మార్చినవాడు మూణ్ణెల్లకు మళ్ళీ బెల్టు అమ్ముకుంటాడు, అంతే తేడా.

ఇక విడిగా దొరికే బిగువు సాధనాల మాట. ఖరీదైన విదేశీ మూడు చక్రాల మోటార్‌సైకిళ్ళలో వీటికి పెద్ద బజారే ఉంది. కెనడా కంపెనీ బీఆర్‌పీ 2007లో తెచ్చిన కాన్-యామ్ స్పైడర్‌కు ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. వెనక చక్రాన్ని తిప్పేది పళ్ళున్న పొడవాటి బెల్టు. ఒక వేగం దగ్గర ఆ బెల్టు బారు మీటిన తీగలా కంపిస్తుంది, ఆ వణుకు కాళ్ళ కిందికి వస్తుంది. దాన్ని అణచడానికి బయటి తయారీదార్లు స్ప్రింగుతో నొక్కే చిన్న రోలర్ అమ్ముతారు. దాన్ని బెల్టు కింది బారుకే ఆనించాలి. బండి ముందుకు పోతున్నప్పుడు ఇంజన్ లాగేది పై బారును, కాబట్టి అది బిగుసుకుని ఉంటుంది, కిందిది వదులుగా తిరిగొస్తుంది. బిగిసిన బారును రోలర్‌తో నొక్కితే బేరింగూ బెల్టూ రెండూ త్వరగా పోతాయి. స్పైడర్‌కు రివర్సు గేరు కూడా ఉంది. రివర్సులో, అలాగే థ్రాటిల్ వదిలి ఇంజన్ మీద వేగం తగ్గించేటప్పుడు కింది బారే బిగుస్తుంది. అప్పుడు రోలర్ వెనక్కి తగ్గగలగాలి. అందుకే దానికి స్ప్రింగు. ఇంకో సంగతి: రోలర్ వణుకును ఆపుతుంది గానీ అసలు బిగువు తప్పుగా ఉంటే దాన్ని సరిచేయదు. హార్లీ బళ్ళలో పది పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోల బలంతో బెల్టును నొక్కి ఎంత కుంగిందో చూసి బిగువు పెడతారు. ఆ కొలత సరిగ్గా ఉన్నాకే మిగతా హంగులు.

మన స్కూటర్‌లో రోలర్ బిగించే చోటు లేదు, అవసరమూ లేదు. ఇక్కడ దొరికేది బిరుసు కాంట్రా స్ప్రింగ్. బజారులో 1000, 1500, 2000 అని అంకెలతో అమ్ముతారు. ఇంజన్ ఎన్ని చుట్లు ఎక్కువ తిరిగాక బండి పెద్ద గేరు వైపు జరుగుతుందో ఆ అంకె సుమారుగా చెబుతుంది. కుర్రాళ్ళు పికప్ కోసం కొనే వస్తువు ఇది. పక్క చక్రాల బండికి దీనివల్ల కొంత లాభం నిజమే: ఎత్తు మీద బెల్టు జారదు, బండి చిన్న గేరులో నిలబడుతుంది. నష్టమూ ఉంది. స్ప్రింగు మరీ బిరుసైతే ముందు రోలర్లు దాన్ని గెలవలేవు. బండి ఎంతసేపూ చిన్న గేరులోనే అరుస్తూ పోతుంది, పెట్రోలు తాగుతుంది, బెల్టు వేడెక్కి పగుళ్ళు తీస్తుంది. నన్నడిగితే 1000కి మించి పోనక్కర్లేదు. అది కూడా ముందు పుల్లీ రోలర్లు చూశాకే. చాలా బళ్ళలో ఆ రోలర్లు ఒకవైపు అరిగి చదునై ఉంటాయి. వాటిని మారిస్తేనే సగం రోగం కుదురుతుంది, స్ప్రింగు జోలికి పోవాల్సిన పని రాదు.

బిగించే తీరులోనే ఉస్తాద్‌కూ కొత్తవాడికీ తేడా బయటపడుతుంది. ముందు పుల్లీకి గాలి కోసం రెక్కలుంటాయి. నట్ ఊడదీసేటప్పుడు పుల్లీ తిరగకుండా ఆ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ గుచ్చితే అవి విరుగుతాయి. నట్లు విప్పే గన్ను లేని చిన్న షెడ్డులో ఇనుప పట్టీకి రెండు బోల్టులు వెల్డింగ్ చేసి పట్టుకునే సాధనం సొంతంగా చేసుకుంటారు. వెనక క్లచ్చు పెద్ద నట్ ఇంకా ప్రమాదం. దాని కింద కాంట్రా స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. పట్టు లేకుండా నట్ తీస్తే ఎగిరి మొహానికి తగులుతుంది. క్లచ్చును రెండు రేకుల మధ్య పెట్టి, పొడవాటి బోల్టులతో స్ప్రింగును మెల్లగా వదలాలి. మోకాలితో నొక్కి తీసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది, అది మానాలి.

కొత్త స్ప్రింగు వేసి అంతా జోడించాక బెల్టు ఎక్కించడంలో ఒక కిటుకుంది. వెనక పుల్లీ చెంపలను చేతులతో బలంగా విడదీసి, బెల్టును ఆ గాడిలో లోతుకు నెట్టాలి. అప్పుడే ముందు వైపు బెల్టు వదులుగా ఉంటుంది. అలా చేయకుండా ముందు పుల్లీ చెంప పెట్టి నట్ బిగిస్తే బెల్టు అంచు చెంపకు మధ్యలో నలుగుతుంది. నట్ బిగిసినట్టే చేతికి అనిపిస్తుంది. కానీ అది ఇనుము మీద కాదు, రబ్బరు మీద బిగిసింది. బండి స్టార్టు చేసి నాలుగు వీధులు తిరిగేసరికి బెల్టు సర్దుకుంటుంది, నట్ వదులవుతుంది. ఆ వదులు నట్ చివరికి ఇరుసు పళ్ళను తినేస్తుంది. నట్ బిగించాక ముందు పుల్లీని చేత్తో తిప్పి, బెల్టు రెండు చెంపల మధ్య స్వేచ్ఛగా కదులుతోందా అని చూసేవాడే పని నేర్చినవాడు. బెల్టు మీద బాణం గుర్తుంటే తిరిగే దిక్కుకే ఉండాలి. చేతికి గ్రీజు ఉంటే ముందు కడుక్కోవాలి. వెనక పుల్లీ లోపలి గ్రీజు బయటికి కారి చెంపకు అంటితే కొత్త బెల్టైనా జారుతుంది. పెట్రోలు గుడ్డతో తుడిచి ఆరబెట్టి మూత వేయాలి.

ఈ విద్య పుస్తకాల్లో చదివి నేర్చింది కాదు. పదేళ్ళ కింద షాగిర్దుగా పానాలు అందించినవాడే ఇవాళ సొంత షెడ్డులో ఉస్తాద్ అవుతాడు. పాత పుల్లీలు, క్లచ్చు బెల్లులు పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజారులో ఏరుకుంటారు, బేరింగులకూ బెల్టులకూ రాణిగంజ్ పోతారు. పాతబస్తీలో మూడు చక్రాల మీద ఆసక్తి ఎంత దూరం పోయిందో చూడాలంటే బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియానికి వెళ్ళాలి. దాన్ని కట్టిన కె. సుధాకర్ యాదవ్ 2005 జూలై 1న నడిపి చూపించిన మూడు చక్రాల సైకిలు గిన్నిస్‌లో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా నమోదైంది. దాని ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, చక్రం అడ్డుకొలత 17 అడుగులు. వికలాంగుల బండికీ దానికీ పోలిక లేదు గానీ, బస్తీలో చేతిపని మీద ఉన్న ధీమా ఎలాంటిదో తెలుస్తుంది.

నీళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 అక్టోబరు వరదల్లో ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు బస్తీలు మునిగాయి, ఇళ్ళ ముందు బళ్ళూ మునిగాయి. బెల్టు పెట్టెకు గాలి దారి ఉంటుంది కాబట్టి నీళ్ళూ అక్కడినుంచే పోతాయి. నీళ్ళలో మునిగిన బండిని వెంటనే స్టార్టు చేయకూడదు. ముందు ఇంజన్, ఎయిర్ ఫిల్టర్ చూపించాలి. పెట్టె విప్పి, బురద కడిగి, బెల్టు ఆరబెట్టి, వెనక పుల్లీ గ్రీజు కొత్తగా నింపితే బెల్టు బతుకుతుంది.

చట్టం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండిని మార్చడం మీద ఆంక్షలు పెడుతుంది. 2019 సవరణ వికలాంగుల కోసం మార్చిన బళ్ళను ప్రత్యేకంగా గుర్తించింది. పక్క చక్రాలు వేయిస్తే ఆ మార్పు ఆర్‌టీఏ ఆఫీసులో ఆర్‌సీ మీద ఎక్కించుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సువాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఈ బండి నడిపేవాళ్ళకు ఒక మాట. సీటు కింద ఒక కొత్త బెల్టు పెట్టుకోండి. ఎత్తు మీద ఆగిపోతే దగ్గర్లోని ఏ షెడ్డు వాడైనా వేసి పంపగలడు. బిరుసు స్ప్రింగు వేయించుకున్నప్పుడు ఊడదీసిన పాత స్ప్రింగును మెకానిక్కు దగ్గరే వదిలేయకండి, అడిగి తెచ్చుకోండి. చాలామందికి ఆర్నెల్లు తిరక్కుండానే అదే మళ్ళీ వేయించుకోవాల్సి వస్తుంది.