నాపరాళ్ళ నేల మీద మీటరు గేజి

1891లో జర్మనీకి చెందిన మార్క్లిన్ కంపెనీ లైప్జిగ్ సంతలో పట్టాలతో సహా ఒక బొమ్మరైలును ప్రదర్శించింది. ఆ పట్టాల వెడల్పులకు కొలతలు కూడా నిర్ణయించింది. పట్టాకు కొలత ఏర్పడ్డాక పెట్టెకూ, ప్లాట్‌ఫారానికీ, పక్కనున్న వేపచెట్టుకూ కొలత తప్పలేదు. పిల్లల ఆట అక్కడితో ఆగలేదు, పెద్దల పనితనంగా మారింది. ఒక ఊరినీ, ఆ ఊరి మీదుగా పోయే రైలుదారినీ లెక్క తప్పకుండా బల్ల మీదకు దింపడమే ఈ పని.

మన దేశంలో దీన్ని కళ్ళారా చూడాలంటే పుణె వెళ్ళాలి. అక్కడి కోథ్రుడ్‌లో భావూ జోషీ అనే వ్యాపారి తన జీవితకాలపు సరదాను మ్యూజియంగా మలిచి 1998 ఏప్రిల్ 1న తెరిచారు. గది నిండా ఒక నగరం పరుచుకుని ఉంటుంది. దాని చుట్టూ, దాని లోపల ఆవిరి బండ్లు, డీజిల్ బండ్లు, బుల్లెట్ రైళ్ళు సిగ్నళ్ళను చూసుకుని నడుస్తాయి. ఒక బండి ఆగితేనే ఇంకొకటి కదులుతుంది. చూడడానికి వచ్చిన పిల్లలు ఇంజన్లను లెక్కపెడతారు. పని తెలిసినవాళ్ళ చూపు మాత్రం పట్టాలు చీలే పాయింట్ల దగ్గర, పట్టా అతుకుల దగ్గర, సిగ్నల్ తీగల దగ్గర ఆగుతుంది.

ఆ నగరం ఊహానగరం. దానికి పోలిక వెతకాల్సిన పనిలేదు. మరి ఉమ్మడి కర్నూలు జిల్లా మీదుగా పోయే ఒక నిజమైన దారిని దింపాలంటే? గుంతకల్లు నుంచి డోన్, బేతంచెర్ల, పాణ్యం, నంద్యాల మీదుగా నల్లమల దాటి గిద్దలూరు చేరే దారినే తీసుకుందాం. 19వ శతాబ్దం చివర్లో సదరన్ మరాఠా రైల్వే కాలంలో వేసిన ఈ మీటరు గేజి దారి, 1990లలో బ్రాడ్ గేజిగా మారింది. కొండల్లో పాత దారిని వదిలి కొత్త దారి వేశారు. ఆ పాత దారి మీది దొరబావి వంతెన కూడా దానితో పాటే అడవిపాలైంది. దాని మీద ఇక బండి నడవదు కాబట్టి, నడిచే బండిని మళ్ళీ చూడాలంటే మోడలే గతి.

కొలతల దగ్గరే ఒక అదృష్టం ఎదురవుతుంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్.ఓ. కొలతలో ప్రతిదీ 87వ వంతు. అంగట్లో దొరికే పట్టా వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. యూరప్ రైళ్ళ 1435 మిల్లీమీటర్ల గేజికి అది సరిగ్గా సరిపోతుంది. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, అంటే 87వ వంతు 19.3 కావాలి. అందువల్ల అదే పట్టా మీద నిలబెట్టిన మన బ్రాడ్ గేజి ఇంజన్ కాళ్ళు దగ్గరికి ముడుచుకుని నిలబడ్డట్టు ఉంటుంది. మీటరు గేజికి ఈ ఇబ్బంది లేదు. వెయ్యి మిల్లీమీటర్లలో 87వ వంతు పదకొండున్నర, దొరికే పట్టా పన్నెండు. ఆ అర మిల్లీమీటరు తేడాను ఏ కన్నూ పట్టుకోలేదు. నిజంలో చిన్నచూపుకు గురై, చివరికి పీకేసిన గేజి, నమూనాలో మాత్రం పెద్ద గేజి కంటే నిజాయితీగా నిలబడుతుంది.

పొడవు దగ్గర మాత్రం ఎవరైనా తలవంచాల్సిందే. ఒక కిలోమీటరు దారికి పదకొండున్నర మీటర్ల బల్ల కావాలి. ఇంట్లో అంత చోటెక్కడ? కాబట్టి పెట్టెల సంఖ్య తగ్గించాలి, ప్లాట్‌ఫారాన్ని కుదించాలి, రెండు స్టేషన్ల నడుమ ఊళ్ళను వదిలేయాలి. ఏది వదిలినా ఊరి ముఖం మారకుండా ఉండాలి. మలుపులది మరో చిక్కు. బొమ్మ పట్టాల మలుపు వ్యాసార్ధం 45 సెంటీమీటర్లు అనుకుంటే, నిజంలో అది నలభై మీటర్లతో సమానం. అంత చిన్న చోట ఏ పెద్ద బండీ తిరగదు. అందుకే నేర్పున్నవాళ్ళు బిగుతు మలుపుల్ని కొండ కింద దాచేస్తారు. కనిపించే చోట బండి సాఫీగా వంగుతుంది, సొరంగంలోకి పోయాక ఒళ్ళు విరుచుకున్నంత పని చేసి వెనక్కి తిరుగుతుంది. నల్లమలను ఎంచుకున్నవాడికి ఈ మాయకు వేరే సాకు అక్కరలేదు. కొండా, సొరంగమూ అక్కడ ఉన్నవే.

ఇక ఇంజన్లు. ఆవిరి కాలపు చివరి దశాబ్దాల్లో మీటరు గేజి దారులకు రెండు రకాలు ప్రాణం. ప్రయాణికుల బండ్లకు వైపీ, గూడ్సుకు వైజీ. వైపీకి ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఆరు పెద్ద చక్రాలు, వెనక రెండు. వైజీకి ముందు రెండు, నడుమ ఎనిమిది, వెనక రెండు. వైపీ పెద్ద చక్రం నాలుగున్నర అడుగులు, వైజీది నాలుగు అడుగులు. హెచ్.ఓ.లో అవి దాదాపు 15.8, 14 మిల్లీమీటర్లు. రెండింటి తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. అయినా ఆ తేడా పోతే పరుగెత్తే బండికీ బరువు లాగే బండికీ ఉన్న వేరైన నడక పోతుంది.

ఇవి అంగట్లో వరుసగా పేర్చి దొరికే సరుకు కాదు. విదేశీ ఇంజన్ ఒకటి తెప్పించి, దాని మోటారూ చక్రాలూ ఉంచుకుని, పై ఒళ్ళును ఇత్తడి రేకుతోనో ప్లాస్టిక్ షీటుతోనో కట్టుకోవడం ఎక్కువమంది పట్టే దారి. త్రీడీ ప్రింటర్ వచ్చాక ఈ పని కొంత తేలికైంది. అప్పుడు కూడా చూడాల్సినవి ఉన్నాయి. యూరప్ బండ్ల కొసలకు రెండు పక్కలా తాకిడిని ఆపే బఫర్లుంటాయి. మన మీటరు గేజికి నడుమ ఒక్కటే. పక్క బఫర్లు కోసేయని ఇంజన్‌కు ఎంత నల్లరంగు పూసినా అది పరాయిదే.

కొనేటప్పుడు ఇంజన్ ఎంత జోరుగా పోతుందో అడగడం అనుభవం లేనివాళ్ళ పద్ధతి. ఎంత నిదానంగా పోగలదో చూడాలి. గంటకు ముప్పై కిలోమీటర్ల ప్యాసింజరు, హెచ్.ఓ.లో సెకనుకు పది సెంటీమీటర్లకు కాస్త తక్కువే కదలాలి. ఆ నిదానంలో కుదుపు లేకుండా పోతే మోటారూ గేర్లూ మంచివి. ఎన్ని చక్రాలు పట్టాల నుంచి కరెంటు తీసుకుంటాయన్నది ఇంకో పరీక్ష. మన దుమ్ముకు ఒక్క చక్రం మీద ఆధారపడిన ఇంజన్ ప్రతి గజానికీ ఆగుతుంది. డబ్బాలో పది ఇంజన్లు ఉంచుకోవడం కంటే ఇలా పాకగల ఒక్క ఇంజన్ ఉండడం మేలు.

తర్వాత దాన్ని పాతబరచాలి. పనితనానికి అసలు పరీక్ష ఇక్కడే. మసి ఎక్కడ పడుతుందో అందరికీ తెలుసు. బాయిలరు పక్కన, గొట్టాల అతుకుల కింద తెల్లటి చారలు ఎందుకుండాలో తెలిసినవాళ్ళు తక్కువ. కఠినమైన నీళ్ళు కారి ఆరిన చోట సున్నం మిగులుతుంది. ఉప్పునీళ్ళ ఊళ్ళ మీదుగా నడిచిన ఇంజన్‌కు సన్న కుంచెతో ఆ చారలు గీసినవాడు రంగును మాత్రమే కాదు, బావి నీళ్ళను కూడా చూశాడన్నమాట.

నేల సంగతికి వస్తే, అంగళ్ళలో అమ్మే సామగ్రి ఎక్కువగా ఆకుపచ్చ పొడి, దేవదారు చెట్లు, వాలు కప్పుల జర్మన్ ఇళ్ళు. డోన్ వైపు ఎర్రనేలకూ, నంద్యాల వైపు నల్లరేగడికీ వాటితో పనిలేదు. మట్టి మన చేలల్లోదే తెచ్చుకోవచ్చు. దాన్ని వేయించి, సన్న గుడ్డలో జల్లించి, ఒకసారి అయస్కాంతం తిప్పాలి. ఇనుప రజను మిగిలితే మోటారులోని అయస్కాంతానికి పోయి అంటుకుంటుంది. పట్టాల కింద పోసే కంకరకు కూడా లెక్క ఉంది. నిజమైన యాభై మిల్లీమీటర్ల రాయి ఇక్కడ అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. నీళ్ళు కలిపిన ఫెవికాల్లో గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసి, ఫిల్లరుతో వదిలితే జిగురు రాళ్ళను కదిలించకుండా లోపలికి దిగుతుంది.

బేతంచెర్లకు గుర్తు నాపరాయి. గోడకూ, కప్పుకూ, గట్టుకూ అదే. రెండంగుళాల మందమున్న బండ హెచ్.ఓ.లో 0.6 మిల్లీమీటర్లు. అంత పలచగా రాయి నిలవదు కాబట్టి, అట్టనో ప్లాస్టిక్ షీటునో కోసి అంచులు కాస్త చిదిపి బూడిదరంగు వేయాలి. అన్నీ ఒకే రంగైతే సిమెంటు పలకల్లా కనబడతాయి. ఒకటి నీలం వైపు, ఒకటి పసుపు వైపు మొగ్గాలి. గూడ్సు షెడ్డు ముందు అలాంటి బండలు దొంతరలుగా పేర్చి, దారి వెంట కంపచెట్లు, దూరంగా కోసేసిన శనగ చేను పెడితే చాలు. నల్లమల దగ్గర కూడా పచ్చదనం పొదుపుగా వాడాలి. అక్కడి టేకు ఎండాకాలంలో ఆకు రాల్చుతుంది. అన్నింటి మీదా పలచటి దుమ్ము పూత ఉండాలి. నిజమైన రంగును యథాతథంగా వేస్తే చిన్న వస్తువు ముదురుగా కనిపిస్తుంది. కాస్త వెలిసినట్టు వేస్తేనే దూరం నుంచి చూసిన ఎండ వస్తుంది.

ఆ ఎండ బల్ల కింద కూడా పని చేస్తుంది. వేసవిలో ప్లైవుడ్ ఎండి ముడుచుకుంటుంది, పట్టా సాగుతుంది. అతుకుల దగ్గర సందు వదలకపోతే పట్టాలు వంకర తిరుగుతాయి. నిజమైన రైలుదారి వేసినవాళ్ళకు ఎదురైన సమస్యే ఇక్కడా ఎదురవుతుంది, పరిష్కారమూ అదే.

ఈ పనిని మెచ్చుకోవడానికి ఒక కొలబద్ద సరిపోతుంది. బండ్లన్నీ తీసేసి ఖాళీ పట్టాలు చూపించాలి. నంద్యాల మనిషి ఒకరు వచ్చి, ఇది మన బేతంచెర్ల గూడ్సు షెడ్డు కదా అని అనగలిగితే ఆ లేఅవుట్ నెగ్గినట్టు. ఇంజన్‌ను డబ్బిచ్చి తెప్పించుకోవచ్చు, ఈ పోలిక మాత్రం ఆ దారిన తిరిగినవాడి చేతికే వస్తుంది. మొదలుపెట్టదలచినవాళ్ళు గది నిండా పట్టాలు వేయాల్సిన పనిలేదు. మీటరు పొడవు పలక, ఒక పక్కదారి, ఒక పాయింటు, ఒక బండల దొంతర చాలు. ఇంజన్ ఆ తర్వాత కొనుక్కోవచ్చు.