రంగు చూసి వంశం చెప్పలేం

గుత్తి రైల్వే కలప అడితిలో ఒక ఆడ సాలీడు దొరికింది. ఆ ఒక్క ప్రాణి ఆధారంగానే 1899లో బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త ఆర్.ఐ. పోకాక్ ఒక కొత్త జాతిని వర్ణించి, పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. నెమలి మెడలాంటి నీలం దాని ఒంటి రంగు. ప్రపంచమంతా దానికి పేరు తెచ్చిందీ, ప్రాణం మీదికి తెచ్చిందీ ఆ రంగే. అయితే పోకాక్ దాన్ని పోసిలోథీరియాలో చేర్చడానికి కారణం రంగు కాదు.

శాస్త్రీయనామంలో మొదటి మాట ప్రజాతిని చెబుతుంది, రెండోది జాతిని. కొత్త జాతిని చెప్పడమంటే ఇదివరకు చూడనిదొకటి కనబడిందని చాటడం. కొత్త ప్రజాతిని చెప్పడం అంతకంటే బరువైన పని. తెలిసిన ఏ ప్రజాతిలోనూ ఇది ఇమడదని, ఏయే లక్షణాల వల్ల ఇమడదో రుజువు చేయాలి. శ్రీలంక సాలీడు ఒకదాన్ని 1804లో శాస్త్రవేత్త లాత్రేయ్ వర్ణించినప్పుడు మైగేల్ అనే ప్రజాతిలో వేశాడు. రోమాలున్న పెద్ద సాలీళ్లన్నీ అప్పట్లో ఆ గంపలోకే వెళ్లేవి. 1885లో ఫ్రెంచి శాస్త్రవేత్త యూజెన్ సిమోన్ దానికి పోసిలోథీరియా అనే ప్రజాతిని నెలకొల్పాడు. ఆ శ్రీలంక జాతే ఈ ప్రజాతికి టైప్ జాతి. అంటే, ఎప్పుడు సందేహం వచ్చినా పోల్చి చూడవలసింది దానితోనే.

పని ఎలా సాగుతుంది? పట్టిన సాలీడును ఆల్కహాల్‌లో భద్రపరుస్తారు. అందులో చాలా రంగులు వెలిసిపోతాయి, ఆకారం నిలుస్తుంది. సూక్ష్మదర్శిని కింద ఎనిమిది కళ్ల అమరికను, ప్రతి కాలిలోని ఒక్కో ఖండం పొడవును కొలుస్తారు. కోరలు పక్కల నుంచి కలుసుకుంటాయా, లేక గుత్తి సాలీడు లాంటి టారంటులాల్లో లాగా పైనుంచి కిందికి సమాంతరంగా దిగుతాయా అని చూస్తారు. అసలు తీర్పు ఎక్కువగా జననాంగాల దగ్గర తేలుతుంది. మగ సాలీడు నోటి పక్కనుండే పెడిపాల్పుల కొసన ఉన్న బల్బుతో ఆడదానికి వీర్యం అందిస్తుంది. ఆ బల్బు వంపు, ఆడదాని వీర్యకోశం ఆకారం జాతులను వేరుచేయడంలో గట్టి సాక్ష్యాలు. టారంటులా విడిచిన కుబుసంలో కూడా ఆ వీర్యకోశం పొర కనిపిస్తుంది. ప్రాణం తీయకుండానే అంత సమాచారం దొరకడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

రంగును ఎందుకంతగా నమ్మరు? టారంటులాల నీలం వర్ణకం వల్ల వచ్చేది కాదు. రోమాల్లోని అతిసూక్ష్మ నిర్మాణం వెలుతురును చెదరగొట్టే తీరు వల్ల వస్తుంది. ఆ నీలం కనీసం ఎనిమిది సార్లు విడివిడిగా పుట్టిందని 2015లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. కాబట్టి రెండు నీలి సాలీళ్లు దగ్గరి బంధువులు కానక్కరలేదు. గుత్తి సాలీడు సొంత బంధువులు చాలావరకు బూడిద, గోధుమ మచ్చలవే.

వర్ణనలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది దొరికిన చోటు చెప్పే చిన్న చీటీ. గుత్తి అన్న ఆ మాట లేకపోతే ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలిసేది కాదు. వందేళ్లు దాటాక, 2001లో, నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో ఆ సాలీడు మళ్లీ కనిపించింది. గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల దూరం. మొదటిది కలపతో పాటు రైలెక్కి వచ్చిందని అనుకుంటున్నారు. అది బతికేది చెట్ల తొర్రల్లో. ఆ తావు వంద చదరపు కిలోమీటర్లలోపే. చెట్లు నరకడం, పెంపుడు జంతువుల వ్యాపారం దాన్ని తరుముతున్నాయి. 2008లో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. 2019లో సైటీస్ ఒప్పందం పోసిలోథీరియా ప్రజాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపారానికి పగ్గాలు వేసింది. సిమోన్ గీసిన గీత 134 ఏళ్ల తర్వాత ఇలా చట్టానికి అక్కరకొచ్చింది.

ప్రపంచంలో పేరుపెట్టిన సాలీళ్ల జాతులు 2022లోనే 50 వేలు దాటాయి. పేరులేనివి ఇంకా ఎన్నో ఉన్నాయి. జహీరాబాద్ చెరకు తోటలో, ఎర్రనేల గట్టు మీద, మీ పెరట్లో తెలియని సాలీడు కనిపిస్తే చంపకండి, అమ్మేవాళ్లకు చూపకండి. ఫొటో తీసి, ఊరి పేరు, తేదీ, అది కనబడిన తావు రాసి, దగ్గరి కళాశాల జంతుశాస్త్ర విభాగానికో, హైదరాబాద్‌లోని జువలాజికల్ సర్వే కేంద్రానికో పంపండి.