సీటు నొక్కి చూసే చెయ్యి

మూసారాంబాగ్‌లో బండ్ల మెకానిక్ దగ్గర కాసేపు నిలబడితే ఇది కనిపిస్తుంది. సీటు మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలేస్తాడు. బండి లేచి కుదురుకుంటే సరే. అదే పనిగా ఊగిందా, షాక్ అబ్జార్బర్‌లో ఆయిల్ పోయిందంటాడు. కాగితం, కాలిక్యులేటర్ ఏమీ లేవు.

బండి ఎంత వేగంగా ఊగుతుందన్నది ఇంటర్ ఫిజిక్స్ మాస్టార్లు బోర్డు మీద రాస్తారు. స్ప్రింగ్ స్థిరాంకాన్ని ద్రవ్యరాశితో భాగించి, వర్గమూలం తీసి, రెండు పైలతో భాగిస్తే సెకనుకు ఎన్ని ఊపులో వస్తుంది. నాకు నచ్చేది మాత్రం దీని అడ్డదారి. స్థిరాంకం తెలియక్కర్లేదు, బరువు తూచక్కర్లేదు. మోస్తున్న బరువుకు స్ప్రింగ్ తన మామూలు పొడవు నుంచి ఎంత కుంగిందో స్కేలుతో కొలిస్తే చాలు! 4 సెంటీమీటర్లు కుంగితే ఒక ఊపుకు 0.4 సెకను. 25 సెంటీమీటర్లు కుంగితే దాదాపు ఒక సెకను. కుంగుబాటు ఆరింతలు దాటినా సమయం రెండున్నర రెట్లే. బలానికి తగ్గ నిష్పత్తిలోనే స్ప్రింగ్ సాగుతుందని 1678లో రాబర్ట్ హుక్ ప్రచురించిన సూత్రమే దీనికి ఆధారం.

షాక్ అబ్జార్బర్ స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే కాలర్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడిందని చాలామంది నమ్మకం. సీటు కాస్త లేస్తుంది, అంతే. స్థిరాంకం మారదు, ఊగే వేగమూ మారదు. వెనక ఇంకొకరు ఎక్కితే మాత్రం అదే స్ప్రింగ్ నెమ్మదిగా ఊగుతుంది.