పండు నమూనా, కరువు కథ

మన సీమ కథల్లో వాస్తవికతను గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మా బడి సైన్సు బీరువాలోని చెక్క మామిడిపండు గుర్తుకు వస్తుంది. అది నిర్మల్ పనివారు చేసింది. తేలికైన పొణికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురూ రంపపుపొట్టూ కలిపిన ముద్దతో నునుపుచేసి, సుద్ద పూసి రంగులు వేస్తారు. ముచ్చిక దగ్గర పచ్చదనం, కింద పసుపు, అచ్చం పండే. బనగానపల్లె నుంచి వచ్చే ఒక పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇంత లావు కాయ ఇంత తేలిగ్గుందేంది సార్?" అన్నాడు. వాడు చూపుతో మోసపోయాడు గాని చేతితో మోసపోలేదు.

ఇటువంటి నమూనాలను కేవలం ఆటవస్తువులని కొట్టివేయటానికి వీలులేదు. ఆకును ఎండబెట్టి కాగితానికి అంటించి దాచవచ్చు. పండును అలా దాచలేము. ఎండితే ముడుచుకుపోతుంది, సారాయంలో వేస్తే రంగు వెలిసిపోతుంది. అందువల్లనే 19వ శతాబ్దంలో ఐరోపా శాస్త్రశాలలకు కృత్రిమ ఫలాలు అవసరమైనాయి. ఇటలీలోని టూరిన్‌లో ఫ్రాన్సిస్కో గార్నియర్ వల్లెట్టి (1808–1889) చేసిన ఆపిలు, పియరు మొదలైన పండ్ల నమూనాలు వెయ్యికి పైగా ఉన్నాయి. 2007లో వాటికోసం అక్కడ ఒక మ్యూజియమే తెరిచారు. ఏ కాలంలోనైనా రకాన్ని పోల్చుకోవటానికి అవి పనికివచ్చాయి. అది వాటి చారిత్రక ప్రయోజనం.

అయితే నమూనా దేన్ని ఎన్నుకుంటుంది? చెట్టు మొత్తంలో మచ్చలేని ఒక్క పండును, అదీ పక్వానికి వచ్చిన ఒక్క రోజును. పురుగు తొలిచిన కాయా, నీళ్ళు కట్టిన కూలీ, తోటను గుత్తకు పట్టిన వ్యాపారీ అందులోకి రారు. శాస్త్రశాలకు ఇది లోపం కాదు. సాహిత్యానికి మాత్రం లోపమే.

కొన్నేళ్ళ క్రితం ఒక కథల పోటీకి నేను న్యాయనిర్ణేతగా ఉన్నాను. వచ్చినవాటిలో ఎక్కువ కరువు కథలే. బీటలువారిన నేల, ఆకాశం వైపు చూసే ముసలిరైతు, సంతకు తోలుకుపోయే ఎద్దు. ఇవి అబద్ధాలని నేను అనను. 1876–78 ధాత కరువు తర్వాత, 1871తో పోలిస్తే 1881 లెక్కల్లో కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగోవంతు తగ్గిపోయింది. ఆ జ్ఞాపకం మన రక్తంలో ఉంది. కాని ఆ కథల్లో కరువు ఎక్కడినుంచి వచ్చిందో, అందులో ఎవరు లాభపడ్డారో తెలియదు. రంగు ఉంది, బరువు లేదు. అటువంటి ఒక కథకే నేను మొదటి బహుమతి ఇచ్చాను.

పక్కన పెట్టిన కథ ఒకటుంది. ఒక డిగ్రీ విద్యార్థిని రాసింది. పత్తికొండ దారిలో ఒక కుటుంబం టమోటాలను రోడ్డు పక్కన పారబోసి వెళ్ళటం ఇతివృత్తం. కోత కూలి, బండి బాడుగ, మండీ కమీషను, ఆనాటి ధర అన్నీ వరుసగా రాసింది. "లెక్కల పద్దులాగా ఉంది, శిల్పం లేదు" అని నేను అంచున రాశాను. ఈనాడు ఆ వ్యాఖ్యకు సిగ్గుపడుతున్నాను. ఆ లెక్కలోనే కథ ఉంది. వాన కురిసిన ఏడు కూడా రైతు ఎందుకు మునిగిపోతాడో ఆ పద్దు చెప్పింది.

లోపం నమూనా శిల్పంలోనే ఉందా? ఉందని నేననుకోను. జర్మనీకి చెందిన లియోపోల్డ్ బ్లాష్కా, ఆయన కుమారుడు రుడాల్ఫ్ 1887 నుంచి అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి గాజుతో మొక్కలు చేసి ఇచ్చారు. తండ్రి పోయిన చాలాకాలానికి, 1924–32 మధ్య, రుడాల్ఫ్ తెగుళ్ళు సోకి కుళ్ళుతున్న పండ్లను కూడా చేశాడు. అదే గాజు, అదే చేతిపని. మారింది వస్తువు.

ఐతే కుళ్ళును చూపినంతమాత్రాన కూడా సరిపోదు. దాన్నీ అద్దాల బీరువాలో పెట్టి ముచ్చటగా చూడవచ్చు. గాజుపండు కుళ్ళుకు కారణం తెగులని శాస్త్రం చెబుతుంది. పత్తికొండ టమోటా కుళ్ళుకు, ట్యాంకరు నీళ్ళతో చీనీ చెట్లను బతికించుకునే కడప రైతు అప్పుకు కారణం చెప్పవలసింది రచయిత. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' (1956)లో రంగడు పుట్టుబీదవాడు కాడు, ఒకప్పుడు కలిగిన ఇంటి బిడ్డ. ఆ పేదరికానికి చరిత్ర ఉండటంవల్లనే రంగడూ గంగమ్మా నమూనాలుగా మిగలలేదు.

వర్ధమాన రచయితలు నేలబీటల వర్ణన కొంత తగ్గించి, అప్పుపత్రాన్నీ బోరు లోతునూ మండీ చీటీనీ చదవటం నేర్చుకోవాలి. విమర్శకులు, నాతో సహా, అటువంటి కథను "శిల్పం లేదు" అని తోసివేసే అలవాటు మానుకోవాలి. ఆ విద్యార్థిని కథ రాతప్రతి నా దగ్గరే ఉంది. ఈ సంవత్సరం మా పిల్లలకు మొదట ఆ కథనే చదివి వినిపించబోతున్నాను.