మహిమ వెనుక మనిషి: ‘కార్నివాల్’ కూలీ బెన్ హాకిన్స్

కథలో రహస్యం ఉండటం తప్పు కాదు. కాని ఒక శ్రమజీవి పాత్ర చుట్టూ రచయిత రహస్యం అల్లినప్పుడు విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ తెర దేన్ని దాచటానికి దించారు? ఈ ప్రశ్నతోనే నేను ‘కార్నివాల్’ అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహికలోని బెన్ హాకిన్స్ పాత్రను పరిశీలించదలచుకున్నాను. డేనియల్ నాఫ్ సృష్టించిన ఈ ధారావాహికను హెచ్.బి.ఓ. సంస్థ 2003 నుంచి 2005 వరకు 24 భాగాలుగా ప్రసారం చేసింది. కథాకాలం 1934, 35 సంవత్సరాలు. రంగులరాట్నం, పాములాట, జోస్యం, వింత మనుషుల ప్రదర్శన, ఆడవాళ్ళ నాట్యం, ఇవన్నీ లారీలకెత్తుకొని ఊరూరా తిరిగి పొట్టపోసుకొనే బృందమే కార్నివాల్.

బెన్ ఓక్లహోమాలోని బీద రైతు బిడ్డ. గొలుసులు కట్టి పనిచేయించే ఖైదీల ముఠా నుంచి పారిపోయి వచ్చాడు. కాలికి సంకెల ఇంకా ఉంది. తల్లి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరాడక కన్నుమూస్తుంది. ఆమెను మట్టిచేసే వేళకే ఇల్లు కూల్చటానికి యంత్రం వచ్చి నిలబడుతుంది. ఆ దారిన పోయే కార్నివాల్ వాళ్ళు అతన్ని తమతో తీసుకుపోతారు. గుడారాలు ఎత్తటం, దించటం, బరువులు మోయటం అతని పని. అతని చేతుల్లో మహిమ ఉంది. తాకితే రోగం కుదురుతుంది. అతని తండ్రి ఎవరు? ఆ పీడకలల అర్థమేమిటి? అతన్ని ఎవరు, దేనికి ఎంచుకున్నారు? ఆ తరువాత కథంతా ఈ ప్రశ్నల మీదనే నడుస్తుంది.

మొదటి భాగంలోని ఆ కూల్చివేత చూస్తే జాన్ స్టయిన్‌బెక్ 1939లో ప్రచురించిన ‘ద గ్రేప్స్ ఆఫ్ రాత్’ నవల గుర్తురాక మానదు. అందులోనూ ట్రాక్టరు వస్తుంది. అయితే నడిపేవాడు పరాయివాడు కాదు, ఇరుగుపొరుగు రైతు కొడుకే, రోజుకు మూడు డాలర్ల కూలికి వచ్చినవాడు. ఇల్లు పోగొట్టుకుంటున్న కౌలుదారు తుపాకి ఎవరిమీద గురిపెట్టాలని అడుగుతాడు. డ్రైవరు మీదనా? వాణ్ణి పంపినవాడి మీదనా? బ్యాంకు మీదనా? బ్యాంకుకు ఆజ్ఞలిచ్చే దూరపు వాళ్ళ మీదనా? ఆ ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు. కాని ప్రశ్న సరైన దారిలోనే నడుస్తుంది. ‘కార్నివాల్’లో ఆ ప్రశ్న మొదటి భాగం దాటి బతకలేదు. ఇల్లు కూలిన రైతుబిడ్డ కాస్తా తరానికొకడుగా పుట్టే వెలుగు పురుషుడైపోతాడు. బ్యాంకు ఎటుపోయిందో తెలియదు. శత్రువు స్థానంలోకి చీకటి పురుషుడు వస్తాడు.

దుమ్ముకూ ఇదే గతి పట్టింది. తెరమీద దుమ్ము ఒక అపశకునం. చరిత్రలో మాత్రం దానికి కారణాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో గోధుమ ధర పెరిగింది. గడ్డి మైదానాలను దున్నేశారు. తరువాత ధర పడిపోయింది. అప్పు తీర్చటానికి రైతు ఇంకా ఎక్కువ నేల దున్నాడు. 1930ల్లో వానలు కరవయ్యేసరికి వేళ్ళ పట్టులేని మన్ను గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14 నాటి తుఫానుకు ‘నల్ల ఆదివారం’ అన్న పేరు నిలిచిపోయింది. బెన్ తల్లి ఊపిరి తీసినది చీకటి దేవత కాదు, ధరల పట్టిక.

ఇంతమాత్రాన ఈ ధారావాహికలో నిజం లేదనటం అన్యాయం. బెన్ మహిమకు ఒక కఠినమైన నియమం ఉంది. ఒకచోట ప్రాణం పోస్తే మరొకచోట ప్రాణం తీయాలి. కుంటిపిల్లకు కాళ్ళు వస్తే ఆ చుట్టుపక్కల పైరు మాడిపోతుంది. పాములాట ఆడే రూతీని బతికించటానికి అతడు అంధుడైన లాడ్జ్‌ను చంపుతాడు. ఈ రచనలో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచిన ఊహ ఇదే. ఒకరి బాగు మరొకరి చేటు మీదనే నిలిచే సమాజంలో దయకు కూడా ఖరీదు కట్టక తప్పదని ఇది చెబుతున్నది. దానం చేసే చెయ్యి ఎక్కడనుంచి తెచ్చి ఇస్తున్నదని అడిగే ధైర్యం సాధారణమైన కరుణ కథలకు ఉండదు. అయితే రచయిత ఈ నియమాన్ని ప్రకృతి శాసనంగా చూపించాడేగాని, మనుషులు మార్చగల ఏర్పాటుగా చూపలేదు. అక్కడే అతని చూపు ఆగిపోయింది.

కార్నివాల్ యజమాని విషయం చూడండి. అతన్ని అందరూ ‘మేనేజిమెంటు’ అంటారు. తెర వెనుక ఉంటాడు. పొట్టివాడైన శాంసన్ ఒక్కడే లోపలికిపోయి ఆజ్ఞలు తెస్తాడు. అసలు అలాంటివాడొకడు ఉన్నాడా అని పనివాళ్ళలో అనుమానం. పనివాడికి కనిపించని యజమానికి ఇంతకంటె మంచి ప్రతీక దొరకదు. కాని తెర తొలగాక కనిపించేది పెట్టుబడి కాదు. రష్యన్ సైన్యానికి చెందిన బెల్యాకోవ్ అనే మరో మహిమాన్వితుడు! జీతాల సంగతి, వసూళ్ళ సంగతి మళ్ళీ మంత్రాల పొగలో కలిసిపోతాయి. చివరకు దారినపోయే అనాథను చేరదీయటం కూడా కూలీల మంచితనం కాకుండా మేనేజిమెంటు ముందే ఎదురుచూసిన విషయమై కూర్చుంటుంది. పేదవాడి ఔదార్యాన్ని సైతం పైవాడి లెక్కలో జమ వేయటం ఇది.

ప్రతినాయకుడు బ్రదర్ జస్టిన్ కాలిఫోర్నియాలో మత ప్రచారకుడు. రేడియోలో ఉపన్యసిస్తాడు. వలస వచ్చిన నిరుపేదలను తన చుట్టూ చేర్చుకుంటాడు. ఆ రోజుల్లో ఛార్లెస్ కాగ్లిన్ అనే కాథలిక్ గురువు రేడియోలో లక్షల మందిని ఆకట్టుకొని, 1934లో ‘సామాజిక న్యాయం’ పేర ఒక సంఘం పెట్టి, యూదు ద్వేషం దాకా పోయాడు. ఆకలిని ద్వేషంగా మార్చే ఈ విద్యను జస్టిన్ పాత్రలో చక్కగా పట్టుకున్నారు. కాని అతని కళ్ళను నల్లగా మార్చి రాక్షసుణ్ణి చేశాక ప్రేక్షకుడికి భయం మిగులుతుంది, తెలివిడి మిగలదు. అసలు ప్రమాదం మామూలు కళ్ళతోనే వస్తుంది.

జస్టిన్ వెంట వలసపేదలు మందలాగా నడుస్తారు. చరిత్రలో వాళ్ళు మంద కాదు. 1933లో కాలిఫోర్నియా పత్తిచేలలో వేలాది కూలీలు సమ్మె కట్టారు. 1934లో ఆర్కన్సాలో నల్లవారు, తెల్లవారు కలిసి దక్షిణ కౌలుదార్ల సంఘం స్థాపించుకున్నారు. బెన్ తిరిగిన కాలమే అది. అతని లారీ ఒక్క సమ్మె శిబిరం పక్కనుంచి కూడా పోకపోవటం యాదృచ్ఛికమని నేను అనుకోను. చేతులు కలిపినవాళ్ళు కనబడితే మహిమగల చెయ్యి అవసరం తగ్గుతుంది.

కల్పనకు కల్పన హక్కులుండవా అని మిత్రులు కొందరు అడగవచ్చు. ఉన్నాయి. పేదరాశి పెద్దమ్మ కథల్లో మహిమలు లేవా? ఉన్నాయి. అయితే ఆ మహిమ పేదవాడి కోరికను బయటపెడుతుంది. బెన్ మహిమ అతని కోపాన్ని మరపిస్తుంది. ప్రారంభంలోనే శాంసన్ చేత ఒక మాట చెప్పించారు: ట్రినిటీ మీద కృత్రిమ సూర్యుడు పేలిన నాడు మనిషి అద్భుతాన్ని ఇచ్చి హేతువును పుచ్చుకున్నాడని. 1945 జూలై 16 నాటి అణు పరీక్ష అది. బాంబును హేతువు నెత్తిన రుద్దటం సులువు. దాన్ని ఎవరు చేయించారు, ఎవరి మీద వేశారు అని అడగటానికి కూడా హేతువే కావాలి.

ఖర్చుకు తగినంతమంది చూడలేదన్న లెక్కతో 2005లో సంస్థ ధారావాహికను ఆపేసింది. కథ అసంపూర్ణంగా మిగిలింది. బెన్ ఎవరో ఇంకా తేలలేదని విచారించేవారున్నారు. నా దృష్టిలో అది మొదటి భాగంలోనే తేలింది. కాలికి సంకెల, వెనుక కూలిన ఇల్లు, ముందు బరువు మోసే పని. చదువుకొనే విద్యార్థులు అక్కడ మొదలుపెట్టి చూస్తే, తరువాత కమ్మిన పొగమంచులో కూడా ఆ మనిషిని గుర్తుపట్టగలరు.