తడి రోడ్డు మీద పట్టు

హైటెక్ సిటీ ఆఫీసుల్లో కారు మాట వచ్చిందంటే అది చివరికి టైర్ల దగ్గరికి చేరుతుంది. మిషెలిన్ మంచిదా, బ్రిడ్జ్‌స్టోన్ మంచిదా, మన ఎంఆర్ఎఫ్ చాలదా? అమెరికా నుంచో కెనడా నుంచో తిరిగొచ్చి కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో స్థిరపడ్డవాళ్లు ఇంకో ప్రశ్న కలుపుతారు, చలికాలానికి ఏది నయమని. అక్కడ అది ప్రాణాల మీది ప్రశ్నే. క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా కార్లకు చలికాలపు టైర్లు ఉండి తీరాలని చట్టం. ఉష్ణోగ్రత ఏడు డిగ్రీల కిందికి దిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి రోడ్డును సరిగా పట్టదు. అందుకని మెత్తటి రబ్బరుతో, సన్నటి గాట్లతో వేరే టైరు చేస్తారు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ వైపు డిసెంబరు తెల్లవారుజామున వణుకు పుట్టే మాట నిజమే కానీ, ఆ టైర్లు ఇక్కడ వేసుకుంటే మన ఏప్రిల్ ఎండకు ఇట్టే అరిగిపోతాయి. హైదరాబాద్‌లో టైరుకు పరీక్ష పెట్టేది జూన్ నెల.

ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, కారిన ఆయిలు, అరిగిన రబ్బరు పొడి తొలకరి చినుకులకు కలిసి జారుడు పూతలా తయారవుతాయి. వాన గట్టిగా కొడితే అది కొట్టుకుపోతుంది గానీ, అప్పటికి మైండ్‌స్పేస్ దగ్గర, ఐకియా ముందర నీళ్లు నిలుస్తాయి. ఆ నీటిని తన మీది గాడుల్లోంచి పక్కకు తోసేయగలిగితేనే టైరు రోడ్డును తాకుతుంది. తోయలేకపోతే నీటి మీద తేలుతుంది, ఇక స్టీరింగు తిప్పినా బ్రేకు తొక్కినా ఒకటే. బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ వంపును తలుచుకోండి. 2019 నవంబరులో తెరిచిన నెలలోపే ప్రమాదాలు జరిగి దాన్ని మూసేశారు. వేగానికి హద్దు పెట్టి, జనవరిలో మళ్లీ తెరిచారు. పొడి రోజునే అంత జాగ్రత్త కోరే వంపు అది. వాన రోజున అక్కడ మనకు తోడుండేది అరచెయ్యంత వెడల్పున నేలను తాకే నాలుగు రబ్బరు ముక్కలు.

ఏ బ్రాండు అన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పడం మానేశాను. కారణం టైర్ల షాపు గోడ మీదే కనిపిస్తుంది. గుడ్‌ఇయర్ కంపెనీ అష్యూరెన్స్ డ్యూరాప్లస్ అని ఒకటి అమ్ముతుంది, ఎక్కువ కిలోమీటర్లు తిరిగేవాళ్ల కోసం. అదే అష్యూరెన్స్ పేరుతో ట్రిపుల్‌మ్యాక్స్ అని ఇంకొకటి ఉంది, అది తడి రోడ్డు మీద తొందరగా ఆగడానికి. అపోలోలో మన్నిక కావాలంటే అమేజర్ 4జీ లైఫ్, పట్టు కావాలంటే ఆల్నాక్ 4జీ. సియట్‌లో మైలేజ్ అనే మోడల్ వేరు, సెక్యూరాడ్రైవ్ వేరు. ముద్ర ఒకటే, గుణం వేరు. గట్టి రబ్బరు నెమ్మదిగా అరుగుతుంది గానీ అంత గట్టిగా పట్టదు. మెత్తటిది పడుతుంది, త్వరగా అరుగుతుంది. రబ్బరులో సిలికా ఎక్కువ కలిపి తడి పట్టును, ఇంధన పొదుపును రెంటినీ నిలబెట్టే దారిని మిషెలిన్ 1992లో మార్కెట్‌కు తెచ్చింది, మిగతావాళ్లూ అందుకున్నారు. అయినా పట్టుకూ మన్నికకూ మధ్య పేచీ పూర్తిగా తీరలేదు. ఇక విదేశీ పేరైతేనే మేలనుకోవడం నాకు నచ్చదు. ఎంఆర్ఎఫ్ మన సదాశివపేటలో, అపోలో తిరుపతి జిల్లా చినపాండూరులో టైర్లు చేస్తున్నాయి. చూడాల్సింది ఊరూ పేరూ కాదు, ఆ మోడల్ దేనికోసం చేశారన్నది.

కొనేముందు నేను ఫోను టార్చి వేసి టైరు పక్కభాగం చదువుతాను. 195/55 ఆర్16 87వి అని ఉందనుకోండి. వెడల్పు 195 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. 87 అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది, వి అంటే గంటకు 240 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. అరుగుదల చెప్పే ట్రెడ్‌వేర్ అంకె కంపెనీ తనకు తాను వేసుకున్నది, దాంతో రెండు కంపెనీల టైర్లను పోల్చలేం. ట్రాక్షన్ పక్కనుండే అక్షరం మాత్రం పనికొస్తుంది. తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి పట్టు అది, ఏఏ అన్నిటికంటే మేలు. ఇప్పుడు అంటిస్తున్న ఇంధన సామర్థ్య బ్యూరో (బీఈఈ) నక్షత్రాలు చెప్పేది ఇంధన పొదుపు గురించి. ఐదు నక్షత్రాలు చూసి వానలో బాగా ఆగుతుందనుకోవద్దు. ఆఖరున తయారీ తేదీ. 2224 అంటే 2024లో 22వ వారం. ఈ నాలుగంకెలు చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటాయి. షాపులో "కొత్త స్టాకే సార్" అన్నా సరే, రెండో పక్క తిప్పి చూపించమనండి.

మంచి టైరు కొన్నాక దాన్ని పాడుచేసేది గాలి. పొద్దున్నే, బండి కదలకముందు చూస్తేనే అసలు లెక్క తెలుస్తుంది. సాయంత్రం ట్రాఫిక్‌లో వేడెక్కాక బంకులో చూసేది ఎక్కువ చూపిస్తుంది. "ఎండాకాలం కదా సార్, రెండు పాయింట్లు తగ్గించాల్నా?" అని ఆప్యాయంగా అడుగుతారు. వద్దనండి. గాలి తగ్గితే టైరు పక్కలు ఎక్కువ వంగుతాయి, వంగినకొద్దీ వేడెక్కుతాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద మే నెల మధ్యాహ్నం, వందకు పైగా వేగంలో అలాంటి టైరు పగిలితే బండి చేతికి చిక్కదు. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ మీది అంకె ఏ కాలానికైనా అదే.

నా ఆందోళనంతా కంపెనీ క్యాబుల గురించి. నానక్‌రామ్‌గూడలో షిఫ్టు కోసం ఆగి ఉన్న ఒక డ్రైవరును టైర్ల సంగతి అడిగాను. "సార్, పెట్టిన పైసలు కిలోమీటర్లల్ల తిరిగి రావాలె. మస్తు మన్నే టైరే ఏస్త" అన్నాడు. ఈఎంఐ కట్టుకునే మనిషి లెక్క అది, అతన్ని తప్పుపట్టలేను. కానీ అర్ధరాత్రి వానలో వెనక సీట్లో కూర్చుని ఇంటికి వెళ్లే అమ్మాయి ప్రాణం ఆ లెక్కలో లేదు. కార్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నిబంధన. గాడి అడుగున ఉండే చిన్న గట్టు ఆ హద్దు చూపిస్తుంది. అంతదాకా అరిగిన టైరు మన జూన్ వానకు చాలదు, మూడు మిల్లీమీటర్ల దగ్గరే మార్చాలని నా అభిప్రాయం.

క్యాబ్ కాంట్రాక్టుల్లో జీపీఎస్ గురించి, ఎస్కార్టు గురించి రాసుకునే కంపెనీలు ఇంకో రెండు వాక్యాలు చేర్చాలి: గాడి లోతు మూడు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, టైరు వయసు ఐదేళ్లు దాటకూడదు. ఆ టైర్ల ఖర్చులో కొంత భారం కంపెనీయే మోయాలి. మీ ఆఫీసులో ట్రాన్స్‌పోర్టు డెస్కు ఉంటే ఈ వారమే అడగండి, జూన్ రాకముందే.